లేబుల్ ప్రింటర్ వేగం పెరగాలంటే ముందు లేబుల్ డిజైన్ సరిచేయండి

గుంటూరులో కారం ప్యాక్ చేసే యూనిట్లు, విజయవాడలో పచ్చళ్లు కొరియర్ చేసే ఇళ్లు, వన్‌టౌన్ హోల్‌సేల్ షాపులు... ఎక్కడ చూసినా ఇప్పుడు బల్ల మీద ఒక లేబుల్ ప్రింటర్ ఉంటోంది. ఆవకాయ సీజన్‌లోనో, పండగ ఆర్డర్లప్పుడో అది నత్తనడక నడిస్తే ప్యాకింగ్ మొత్తం ఆగిపోతుంది. అప్పుడు అందరూ చేసే మొదటి పని సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్పీడ్ పెంచడం. అక్షరాలు మసకగా పడతాయి, బార్‌కోడ్ స్కాన్ అవదు, మళ్లీ తగ్గిస్తారు. నన్నడిగితే ఆ స్పీడ్ అంకెను ఆఖర్న ముట్టుకోవాలి. పోయే టైమ్‌లో ఎక్కువ భాగం లేబుల్ డిజైన్ దగ్గర, దాన్ని కంప్యూటర్ ప్రింటర్‌కి పంపే తీరు దగ్గర పోతుంది. ఆ రెండూ సరిచేసుకునే పద్ధతి వరుసగా చెబుతాను.

1. ప్రింటర్ పక్కన నిలబడి వినండి

ఒకేసారి 50 లేబుళ్లకు ప్రింట్ ఇచ్చి, స్క్రీన్ వదిలేసి ప్రింటర్ దగ్గరికి వెళ్లండి. మోటార్ చప్పుడే సగం సంగతి చెప్పేస్తుంది.

మొదటి లేబుల్ ఆలస్యంగా వచ్చి, తర్వాతవి ఏకధాటిగా వస్తున్నాయా? కంప్యూటర్ ఒక పెద్ద బొమ్మ తయారుచేసి పంపడానికి టైమ్ తీసుకుంటోందన్న మాట. ఆర్డర్‌కి రెండు మూడు లేబుళ్లు తీసేవాళ్లకు ఇది పెద్ద నష్టం. ఒకే లేబుల్ వెయ్యి కాపీలు తీసేవాళ్లకు లెక్కలోకి రాదు.

ప్రతి లేబుల్‌కీ ఆగి ఆగి వస్తున్నాయా? దీనికి కారణాలు రెండు. ఒకటి, కంప్యూటర్ ప్రతి లేబుల్‌నీ కొత్త బొమ్మగా పంపుతూ ఉండొచ్చు. రెండోది, ప్రింటర్ ప్రతి లేబుల్‌నీ చింపే అంచు దాకా ముందుకు తోసి, మళ్లీ వెనక్కి లాక్కుని తర్వాతది మొదలుపెడుతూ ఉండొచ్చు. దగ్గర్నుంచి చూస్తే కాగితం వెనక్కి జరగడం కంటికి కనబడుతుంది. ఈ పని ప్రతి లేబుల్‌కీ జరగాలా, జాబ్ మొత్తం అయ్యాక ఒక్కసారే జరగాలా అన్నది చాలా డ్రైవర్లలో మనం ఎంచుకోవచ్చు. ఒక్కొక్కటే చింపి అప్పటికప్పుడు అంటించే పని కాకపోతే రెండోది పెట్టుకోండి. కట్టర్ ఉన్న ప్రింటర్‌కీ ఇదే మాట వర్తిస్తుంది.

ఎక్కడా ఆగకుండా, అయినా మెల్లగా వస్తుంటేనే స్పీడ్ సెట్టింగ్ గురించి ఆలోచించాలి. దానికి ముందు ఒక చిన్న లెక్క వేద్దాం.

50 బై 25 మిల్లీమీటర్ల లేబుల్, మధ్యలో 3 మిల్లీమీటర్ల గ్యాప్, అంటే లేబుల్‌కి 28 మిల్లీమీటర్లు. రెండు లేబుళ్లు పక్కపక్కన ఉండే రోల్ అయితే వెయ్యి లేబుళ్లకు 500 వరుసలు, మొత్తం 14 మీటర్లు. సెకనుకు 4 అంగుళాల వేగంతో ఇది 2 నిమిషాల 20 సెకన్లలో అయిపోవాలి. 3 అంగుళాలకు తగ్గిస్తే 3 నిమిషాల 4 సెకన్లు. తేడా సుమారు ముప్పావు నిమిషమే. మీ దగ్గర వెయ్యి లేబుళ్లకు పది నిమిషాలు పడుతోందంటే, మిగిలిన ఏడు నిమిషాలూ స్పీడ్ సెట్టింగ్ వల్ల పోవట్లేదు. మీ లేబుల్ సైజుతో ఇదే లెక్క కాగితం మీద వేసుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పోల్చుకోండి. ఎక్కడ వెతకాలో తేలిపోతుంది.

2. రోల్, రిబ్బన్ ఎంపిక

చిన్న లేబుల్ వాడేవాళ్లు పక్కపక్కన రెండు ఉండే రోల్‌కి మారితే, ప్రింటర్‌ని ముట్టుకోకుండానే వేగం రెట్టింపవుతుంది. షాపులో ‘50 బై 25, టూ అప్’ అని అడగండి. నాలుగంగుళాల ప్రింటర్లు సాధారణంగా 104 నుంచి 108 మిల్లీమీటర్ల వెడల్పు దాకా ప్రింట్ చేస్తాయి. రెండు లేబుళ్లూ, మధ్య సందూ కలిపి 103 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. రిబ్బన్ (వేడికి కరిగి లేబుల్ మీద అంటుకునే నల్ల సిరా పట్టీ) కూడా కలిసొస్తుంది. లేబుల్ ఎంత పొడవు కదిలితే రిబ్బన్ అంత పొడవు ఖర్చవుతుంది. అక్షరాలు తక్కువున్నా ఎక్కువున్నా దానికి లెక్కలేదు. 300 మీటర్ల రిబ్బన్‌తో 28 మిల్లీమీటర్ల వరుసలు సుమారు 10,700 వస్తాయి. సింగిల్ రోల్ అయితే అన్నే లేబుళ్లు, టూ అప్ అయితే 21,400.

ఇక రకం సంగతి. రిబ్బన్ లేకుండా వేడికి నల్లబడే డైరెక్ట్ థర్మల్ కాగితం కొరియర్ లేబుళ్లకు బాగుంటుంది, ఎందుకంటే ఆ పార్సిల్ ఆయుష్షు వారం రోజులు. నెలల తరబడి అరమీద ఉండే కారం ప్యాకెట్‌కీ, నూనె తగిలే పచ్చడి సీసాకీ దాన్ని వాడొద్దు. నూనెకీ, ఎండకీ ఆ అక్షరాలు వెలిసిపోతాయి. మన మే నెల ఎండల్లో వ్యాన్‌లో తిరిగొచ్చిన సరుకు మీద బ్యాచ్ నంబర్ చదవలేకపోతే ఇబ్బంది మీకే. పొడి సరుకుకి క్రోమో (నున్నటి కాగితం) స్టిక్కర్, వ్యాక్స్ (మైనం) రిబ్బన్ చాలు. పచ్చడి సీసాకి మాత్రం ప్లాస్టిక్ రకం లేబుల్, మైనంలో రెజిన్ అనే గట్టి పదార్థం కలిసిన వ్యాక్స్ రెజిన్ రిబ్బన్ తీసుకోండి. రేటు ఎక్కువే. కానీ వేలితో రుద్దితే చెరిగిపోయే ఎక్స్‌పైరీ డేట్ ఉన్నా లేనట్టే.

ఒక జాగ్రత్త: రెజిన్ పాళ్లు పెరిగేకొద్దీ రిబ్బన్‌కి ఎక్కువ వేడి కావాలి, వేగం తగ్గించాలి. వ్యాక్స్‌తో 4 అంగుళాల వేగంలో బాగా పడిన డిజైన్ రెజిన్‌తో 2, 3 అంగుళాల దగ్గరే కుదరొచ్చు. అది ప్రింటర్ లోపం కాదు.

3. మారేది, మారనిది విడదీయండి

తెల్ల కాగితం మీద రెండు గళ్లు గీయండి. బ్రాండ్ పేరు, అడ్రస్, లోగో, కావలసిన పదార్థాలు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, కస్టమర్ కేర్ ఫోన్... ఇవన్నీ మారనివి. బ్యాచ్ నంబర్, ప్యాకింగ్ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఎంఆర్‌పీ, గ్రాముకు ధర, ఇవి మారేవి. మారనివన్నీ పౌచ్ మీదే ప్రెస్‌లో అచ్చు వేయించండి. థర్మల్ ప్రింటర్‌కి మారేవి మాత్రమే అప్పగించండి.

వేగం ఒక్కటే కాదు, దీనికి ఇంకో కారణం కూడా ఉంది. శాకాహార గుర్తు ఆకుపచ్చగా ఉండాలి, నల్ల రిబ్బన్‌తో అది పడదు. ఎలాగూ ప్రెస్‌కి వెళ్లాల్సిందే, కాబట్టి మిగతావి కూడా అక్కడే వేయించడం మేలు. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలన్నది నియమం. తెలుగు అదనంగా ఎంతైనా వేసుకోవచ్చు. తెలుగు ఒక్కటే ఉంటే చెల్లదు.

4. మిల్లీమీటర్లు వదిలి చుక్కల్లో డిజైన్ చేయండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. మన దగ్గర ఎక్కువగా దొరికే ప్రింటర్లు 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు). అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలు. 300 డీపీఐ అయితే సుమారు 12. ప్రింటర్ సగం చుక్క వేయలేదు. సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తో లాగి బార్‌కోడ్‌ని సాగదీస్తే, కొన్ని గీతలకు 2 చుక్కలు, కొన్నిటికి 3 చుక్కలు పడతాయి. కంటికి బాగానే ఉంటుంది, స్కానర్‌కి మాత్రం అర్థం కాదు.

సూపర్ మార్కెట్లు అడిగే ఈఏఎన్-13 బార్‌కోడ్ తీసుకుందాం. మన దేశపు కంపెనీలకు 890తో మొదలయ్యేది ఇదే. దీని అతి సన్న గీత అసలు కొలత 0.33 మిల్లీమీటర్లు, కనీసం 80 శాతం సైజు ఉండాలి. 203 డీపీఐలో 2 చుక్కలు పెడితే 0.25 మిల్లీమీటర్లు, అంటే 76 శాతమే. చాలదు. 3 చుక్కలు పెడితే 0.375, అంటే 114 శాతం. మధ్యలో ఇంకేమీ లేదు. గీతలతో పాటు రెండు వైపులా వదలాల్సిన ఖాళీ కూడా కలిపి ఈ కోడ్ 113 సన్న గీతలంత వెడల్పు. 3 చుక్కల చొప్పున 339 చుక్కలు, అంటే 42.4 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల లేబుల్‌లో హాయిగా పడుతుంది. 38 మిల్లీమీటర్ల లేబుల్‌లో పట్టదు. ఆ సైజులో ఇరికించి, స్కాన్ కావట్లేదని స్పీడ్ తగ్గించుకుంటూ పోతే లాభం లేదు.

ఎడమ వైపు 33 చుక్కలు, కుడి వైపు 21 చుక్కలు కచ్చితంగా ఖాళీగా వదలండి. అక్కడ గీత గానీ, అక్షరం గానీ, బాక్స్ అంచు గానీ ఉండకూడదు.

ఇప్పుడు 50 బై 25 లేబుల్‌ని పై నుంచి కిందికి నింపుదాం. 25 మిల్లీమీటర్లంటే 200 చుక్కలు. పైన 16 చుక్కలు ఖాళీ. తర్వాత 24 చుక్కల ఎత్తున్న మూడు వరుసలు, ఒక్కోదాని కింద 4 చుక్కల సందు. ఇక్కడికి 100. బార్‌కోడ్‌కి 64 చుక్కలు, దాని కింద అంకెలకు 20. మొత్తం 184. అడుగున 16 మిగులుతాయి. రోల్ ఎక్కించినప్పుడు లేబుల్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిగినా ఏదీ తెగిపోదు.

వరుసలో ఎన్ని అక్షరాలు పడతాయి? టీఎస్‌సీ కంపెనీ ప్రింటర్లలో మూడో నంబర్ ఫాంట్ 16 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు. రెండు వైపులా 16 చుక్కలు వదిలితే 368 మిగులుతాయి, 23 అక్షరాలు పడతాయి. మొదటి వరుసలో బ్యాచ్ నంబర్, రెండో వరుసలో ప్యాకింగ్ తేదీ, గడువు తేదీ, మూడో వరుసలో ఎంఆర్‌పీ, గ్రాము ధర. ‘అన్ని పన్నులూ కలిపి’ అనే ఇంగ్లీషు మాటలు పౌచ్ మీదే, ఎంఆర్‌పీ స్టిక్కర్ పడే చోటు పక్కన అచ్చు వేయిస్తే ఇక్కడ చోటు మిగులుతుంది. రూపాయి గుర్తు ప్రింటర్ సొంత ఫాంట్లలో తరచుగా ఉండదు. ఇంగ్లీషులో ఆర్, ఎస్ అక్షరాలు వేసినా సరిపోతుంది.

నల్లని పట్టీ మీద తెల్ల అక్షరాలు, లేబుల్ చుట్టూ లావుపాటి బాక్సులు చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ ప్రింటర్‌కి అదే పెద్ద బరువు. వెడల్పంతా ఒకేసారి వేడెక్కాలి, రిబ్బన్ ముడతలు పడుతుంది, ఆ పట్టీ తర్వాతి అక్షరాలు మసకబారతాయి. తీసేయండి.

బార్‌కోడ్ ఏ వైపు తిరిగి ఉందో కూడా చూడండి. లేబుల్ కదిలే దిశలోనే గీతలు నిలువుగా ఉంటే వేగంగా లాగినా అంచులు శుభ్రంగా వస్తాయి. నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటే, అక్షరాలు వేసే వేడి పట్టీ, అంటే హెడ్, చల్లబడేలోపు గీత కాస్త సాగి, పక్కనున్న ఖాళీ తగ్గిపోతుంది. అలాంటి డిజైన్‌కి స్పీడ్ తగ్గించక తప్పదు. వీలైతే మొత్తం డిజైన్‌ని 90 డిగ్రీలు తిప్పేయండి.

5. తెలుగు వేయాలంటే

ప్రింటర్ లోపల ఉండే సొంత ఫాంట్లలో తెలుగు ఉండదు. కాబట్టి తెలుగులో ఏం రాసినా సాధారణంగా అది ప్రింటర్‌కి బొమ్మగానే వెళుతుంది. లేబుల్ మీద ఒక్క తెలుగు మాట ఉండి, అది ప్రతిసారీ కంప్యూటర్ నుంచి వస్తుంటే, లేబుల్‌కింత చొప్పున ఆలస్యం తప్పదు. దీనికి మంచి దారి ఉంది. మారని తెలుగు మాటను ఒక చిన్న చిత్రంగా తయారుచేసి, ఒక్కసారి ప్రింటర్ మెమరీలోకి ఎక్కించండి. ఆ తర్వాత ప్రతి లేబుల్‌లో ‘ఫలానా బొమ్మ ఫలానా చోట పెట్టు’ అని పిలిస్తే చాలు. టీఎస్‌సీ, జీబ్రా కంపెనీల ప్రింటర్లు రెండింటిలోనూ ఈ సౌకర్యం ఉంది.

ఆ చిత్రాన్ని సరిగ్గా చుక్కల లెక్కన చేయండి. 30 బై 5 మిల్లీమీటర్లు కావాలంటే 240 బై 40 చుక్కలు. నలుపు, తెలుపు తప్ప మధ్య రంగు ఉండకూడదు. బూడిద రంగు ఉంటే అది చుక్కచుక్కలుగా మారి అక్షరం అంచుల్ని పాడు చేస్తుంది.

సైజు దగ్గర పీనాసితనం వద్దు. ‘స్వచ్ఛమైన కారం’ అని 3 మిల్లీమీటర్ల ఎత్తులో వేసి చూడండి. మొత్తం 24 చుక్కలు. అందులో ఛ వత్తుకీ, మైలో కిందికి దిగే భాగానికీ కొంత పోతుంది, పైన తలకట్టుకీ, ఐత్వం పై భాగానికీ కొంత పోతుంది. అసలు అక్షరానికి సగం మిగిలితే గొప్ప. వత్తులు ముద్దగా కలిసిపోయి నల్లటి మచ్చ కనిపిస్తుంది. 203 డీపీఐలో తెలుగుకి కనీసం 5 మిల్లీమీటర్లు ఇవ్వండి, గీత మందం సమంగా ఉన్న ఫాంట్ ఎంచుకోండి. సన్నని సోకు గీతలున్న ఫాంట్లు పెళ్లి కార్డులకు బాగుంటాయి, ఇక్కడ సగం గీతలు మాయమవుతాయి.

డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైప్ చేయించిన మేటర్‌ని బార్‌టెండర్ లాంటి లేబుల్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయండి, లేదా ఆ షాపు నుంచే నలుపు తెలుపు చిత్రంగా తెచ్చుకోండి.

6. బొమ్మగా కాదు, ఆజ్ఞగా పంపండి

50 బై 25 లేబుల్ మొత్తాన్ని బొమ్మగా పంపితే 400 బై 200 చుక్కలు, అంటే 10,000 బైట్లు. అదే లేబుల్‌ని ‘ఇక్కడ ఈ అక్షరాలు, అక్కడ ఈ బార్‌కోడ్’ అని ప్రింటర్ భాషలో పంపితే రెండు మూడు వందల బైట్లతో పని అయిపోతుంది. యూఎస్‌బీ కేబుల్ మీద ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు. తూకం మెషీన్‌తో కలిపి పాత సీరియల్ కేబుల్ మీద 9600 వేగంతో నడిపేవాళ్లకు మాత్రం లేబుల్‌కి పది సెకన్లు ఎక్కడ పోతున్నాయో ఇదే జవాబు.

దీనికోసం ప్రోగ్రామర్ అవసరం లేదు. లేబుల్ సాఫ్ట్‌వేర్‌లో ఫాంట్ ఎంచుకునేటప్పుడు విండోస్ ఫాంట్ల బదులు ప్రింటర్ ఫాంట్ ఎంచుకోండి. బార్‌కోడ్‌ని ఇంటర్నెట్‌లో తయారుచేసిన జేపీజీగా అతికించకుండా, సాఫ్ట్‌వేర్‌లోని బార్‌కోడ్ టూల్‌తోనే వేయండి. ప్రింటర్ తయారీదారు ఇచ్చిన అసలు డ్రైవర్ వేసుకోండి. ఈ మూడూ చేస్తే చాలావరకు సాఫ్ట్‌వేరే ఆజ్ఞల రూపంలో పంపుతుంది.

ఒకే లేబుల్ 500 కావాలంటే 500 పేజీలు ప్రింట్ ఇవ్వకూడదు, ఒక పేజీకి 500 కాపీలు అడగాలి. టీఎస్‌సీ ప్రింటర్ల భాష టీఎస్‌పీఎల్‌లో ప్రింట్ ఆజ్ఞకు రెండు అంకెలుంటాయి: మొదటిది సెట్లు, రెండోది ఒక్కో సెట్‌కి కాపీలు. జీబ్రా వాళ్ల జెడ్‌పీఎల్‌లోనూ కాపీల ఆజ్ఞ వేరుగా ఉంది. ఎక్సెల్‌లో 500 వరుసలు కాపీ చేసి పెట్టుకునే అలవాటుంటే ఇవాళే మానేయండి. ప్రతి లేబుల్‌కీ సీరియల్ నంబర్ మారాలన్నా కంప్యూటర్ 500 సార్లు పంపక్కర్లేదు. ప్రింటరే ఒకటొకటిగా పెంచుకుంటూ వేసే కౌంటర్ రెండు భాషల్లోనూ ఉంది. టూ అప్ రోల్‌లో అయితే ఎడమ లేబుల్ బేసి అంకెలు, కుడి లేబుల్ సరి అంకెలు వేసేలా రెండు కౌంటర్లు పెట్టి, రెండేసి చొప్పున పెంచమనాలి.

ఆన్‌లైన్ అమ్మకాలవాళ్లకు ఒక్క మాట. కొరియర్ లేబుల్ పీడీఎఫ్‌గా వస్తే 100 బై 150 పేజీ సైజు పెట్టి, ‘యాక్చువల్ సైజ్’లోనే ప్రింట్ ఇవ్వండి. ‘ఫిట్ టు పేజ్’ పెడితే బార్‌కోడ్ గీతలన్నీ చుక్కల లెక్క తప్పుతాయి. సెల్లర్ ప్యానెల్‌లో జెడ్‌పీఎల్ ఆప్షన్ ఉండి, మీది ఆ భాష తెలిసిన ప్రింటర్ అయితే, పీడీఎఫ్ జోలికే వెళ్లకండి.

7. ఇప్పుడు స్పీడ్ ముట్టుకోండి

ముందు రోల్ ఎక్కించి సెన్సర్ క్యాలిబ్రేషన్ (లేబుళ్ల మధ్య గ్యాప్‌ని ప్రింటర్‌కి గుర్తుపట్టించడం) చేయండి. గ్యాప్ సరిగ్గా పట్టుకోకపోతే మధ్యలో ఖాళీ లేబుళ్లు వదిలేస్తుంది.

డార్క్‌నెస్‌ని (హెడ్ వేడి ఎంత ఉండాలో చెప్పే సెట్టింగ్) మధ్యలో పెట్టండి. టీఎస్‌సీలో ఇది 0 నుంచి 15, జీబ్రాలో 0 నుంచి 30. సెకనుకు 2 అంగుళాలతో మొదలుపెట్టి ఐదేసి లేబుళ్లు తీస్తూ 3, 4, 5 అంటూ పెంచండి. ప్రతి కట్ట మీదా వేగం పెన్నుతో రాయండి. తర్వాత అన్నిటినీ స్కాన్ చేయండి. ఫోన్ కెమెరా మాట నమ్మొద్దు, అది ఎలాంటి బార్‌కోడ్‌నైనా చదివేస్తుంది. షాపుల్లో వాడే మామూలు స్కానర్‌తో, మొదటి బీప్‌కే చదివితేనే పాస్. మసకగా ఉంటే డార్క్‌నెస్ ఒక్క మెట్టు పెంచండి, గీతలు ఉబ్బితే ఒక్క మెట్టు తగ్గించండి. పాసైన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ వేగానికి ఒక మెట్టు కింద ఆగండి. డార్క్‌నెస్‌ని ఊరికే చివరిదాకా పెట్టేస్తే హెడ్ తొందరగా అరిగిపోతుంది.

తర్వాత అదే సెట్టింగ్‌తో ఏకంగా 200 లేబుళ్లు తీసి, ఆఖరిది స్కాన్ చేయండి. హెడ్ వేడెక్కాక గీతలు లావవుతాయి. మొదటిది పాసై ఆఖరిది ఫెయిలైతే డార్క్‌నెస్ కొంచెం ఎక్కువైందని అర్థం.

8. దుమ్ము, చలి

కారం మర ఉన్న గదిలో ప్రింటర్ పెట్టకండి. ఎర్రటి ఆ సన్న దుమ్ము, అందులోని నూనె హెడ్ మీద పేరుకుంటే లేబుల్ పొడవునా తెల్లటి గీత మొదలవుతుంది. రిబ్బన్ మార్చిన ప్రతిసారీ, హెడ్ చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడవండి. బ్లేడుతో, గోటితో గీకొద్దు. రిబ్బన్ ఎప్పుడూ లేబుల్ రోల్ కంటే కాస్త వెడల్పుగా ఉండాలి. లేకపోతే కాగితం అంచు నేరుగా హెడ్‌కి రాసుకుంటుంది. తుడిచినా ఆ తెల్ల గీత పోకపోతే చుక్క చచ్చిపోయినట్టే. హెడ్ మార్చేదాకా బార్‌కోడ్‌ని ఆ తెల్ల గీత రెండు నల్ల గీతల మధ్య ఖాళీలో పడేలా కొన్ని చుక్కలు పక్కకు జరిపి నెట్టుకురావచ్చు.

యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి వెళ్లే మిర్చి టిక్కీల (గోనె బస్తాల) మీద స్టిక్కర్ నిలవదు, గోనె సంచికి జిగురు పట్టదు. వాటికి జిగురు లేని ట్యాగ్ రోల్ తీసుకుని, ప్రింట్ చేసి దారంతో కట్టండి. ట్యాగ్ రోల్‌కి గ్యాప్ ఉండదు, వెనకాల నల్ల గీతో, రంధ్రమో ఉంటుంది. సెన్సర్ రకం మార్చడం మర్చిపోవద్దు. అట్టపెట్టెలకైతే స్టిక్కర్‌ని బయటే, పెట్టె పొడిగా ఉన్నప్పుడే అంటించి తర్వాత లోపలికి పంపండి. చలికి తేమ పట్టిన అట్ట మీద మామూలు జిగురు పట్టు దొరకదు.

కుదిరిన వేగం, డార్క్‌నెస్, రోల్ రకం, రిబ్బన్ రకం ఒక చీటీ మీద రాసి ప్రింటర్ మూతకి అంటించండి. రిబ్బన్ కొత్త చోట కొన్నప్పుడు ఏడో అంచెలోని పరీక్ష మళ్లీ చేసి, చీటీ మీద అంకెలు మార్చండి.